రూపాయిలో నాలుగణాలు

నాకు షేర్ల పాఠం చెప్పిన మనిషి ఒక బల్ల మీద కువైట్ టికెట్లు రాసేవాడు, ఇంకో బల్ల మీద షేర్ల అప్లికేషన్లు నింపేవాడు. ప్రొద్దుటూరులో జమ్మలమడుగు బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఆయన షాపు, రైలుపెట్టె మాదిరి సన్నగా పొడుగ్గా ఉండేది. ఎడమ పక్క పాస్‌పోర్టులు, కుడి పక్క షేర్ల కాగితాలు, గోడకు ఒక టీవీ. ఆ టీవీ కింది అంచున పొద్దంతా అంకెలు పాకుతుండేవి. అందరూ ఆయన్ని భాయ్ అనేవారు, నేనూ అట్లే పిలిచేదాన్ని.

నేనప్పుడు జమ్మలమడుగులో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరును. కాపురం ప్రొద్దుటూరులో. మా ఆయనకు చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఆయనకు షేర్లంటే భయం, నేనంటే ఇంకా భయం. కాబట్టి నా జీతంతో నేనేం చేసినా అడిగేవాడు కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు. లెక్కలొచ్చిన మనిషికి ఎదుటివాళ్లు చెప్పే మాట చెవికెక్కదని మాత్రం అప్పటికి నాకే తెలీదు.

షేర్లలో దిగింది నగల కోసమో మేడ కోసమో కాదు. మా తమ్ముణ్ణి ఒక జీపులోంచి దించడానికి.

మా పుట్టిల్లు పులివెందుల తట్టు, వేముల పక్కన ఒక పల్లె. నేను పదో తరగతిలో ఉండగా మా నాయన చీనీతోటను ఎవరో నరికేశారు. ఆరేండ్లు కడవలతో నీళ్లు మోసి పెంచిన బత్తాయి చెట్లు, ఆ ఏడే మొదటి కాపుకొచ్చాయి. తెల్లారి పోయి చూస్తే అన్నీ మొదళ్లకు నరికి పడున్నాయి. మా నాయన ఏ పక్కా కాదు. ఏ పక్కా కాదు గాబట్టే నరికారని ఊళ్లో అనుకున్నారు. ఒక పక్కలో ఉన్నవాడి తోట మీద చెయ్యి వేసే ముందు ఎవడైనా ఆలోచిస్తాడు, మా తోటకు ఆ అడ్డం కూడా లేకపోయింది. ఆ మొదళ్ల మధ్య కూర్చుని నాయన ఒక లెక్క వేసుకున్నాడు. కొడుకులు మీసాలొచ్చేంత పెద్దవాళ్లయ్యాక ఆ లెక్క అమలు చేశాడు. పెద్దోణ్ణి ఒక పార్టీ మనిషిని చేశాడు, చిన్నోణ్ణి దాని ఎదుటి పార్టీ మనిషిని చేశాడు.

ఆ రోజుల్లో మా తట్టు ఇది వింతేమీ కాదు. ఒకే కుండలోని అన్నం తిని, ఒకే తొట్టిలో చేతులు కడుక్కుని, అన్నదమ్ములు వీధిలోకొచ్చి రెండు వేరు వేరు జీపులెక్కి పోయేవాళ్లు. అడిగితే నాయన దగ్గర జవాబు తయారుగా ఉండేది.

"ఏ పక్క గెలిచినా స్టేషన్‌లో మాట చెప్పేదానికి మనోడొకడు ఉంటాడు మ్మే. ఇల్లు నిలబడతాది."

ఇద్దరు కొడుకుల్నీ రెండు పక్కలకు పంచేసిన మనిషికి కూతుర్ని ఏం చేయాలో తోచక చదివించాడు. అది నా అదృష్టం.

తమ్ముడిది, అంటే ఆ చిన్నోడిది, జీపులో కూర్చునే మొహం కాదు. చిన్నప్పటి నుంచీ వాడి చేతులు ఊరుకునేవి కావు. రేడియో విప్పేవాడు, టార్చిలైటు విప్పేవాడు, ఒకసారి నా పెండ్లికి కొన్న గోడగడియారం విప్పి మళ్లీ బిగించాడు, అది అంతకుముందు కంటే సరిగ్గా నడిచింది. మా పక్క బోర్లలో మోటార్లు కాలిపోవడం ఎక్కువ, కరెంటు ఎప్పుడూ సన్నగానే వచ్చేది. కాలిన మోటారు పొట్ట విప్పి, మాడిన రాగి వైరంతా లాగేసి, కొత్త వైరు చుట్టుచుట్టుకూ లెక్కపెట్టి ఎక్కించడం వాడు ఎవరి దగ్గరో చూసి నేర్చుకున్నాడు. చుట్టుపక్కల నాలుగూళ్ల మోటార్లు వాడి దగ్గరికే వచ్చేవి. కానీ వాడి నాయకుడికి ఎప్పుడు మనుషులు కావాల్సి వచ్చినా మోటారు సగంలో వదిలి జీపెక్కాల్సిందే.

ఒకసారి ప్రొద్దుటూరు వచ్చి మా ఇంట్లో అన్నం తింటూ చెప్పాడు.

"ఈడ ఒక రూము తీసుకుని వైండింగ్ షాపు పెట్టుకుంటే బాగుండు అక్కా. షాపున్నోణ్ణి ఎవురూ జీపెక్కమనరు. పొద్దన్నే తాళం తీయాల గదా, గిరాకీ కాచుకోనుంటాది."

"ఎంతవుతుందిరా?"

"రూముకు అడ్వాన్సు, రోంత రాగి వైరు, చిన్న లేతు మిషను. అయితే శానానే అవుతాది."

"నేను పెట్టిస్తాలే" అన్నాను. వాడు తలెత్తి చూసి మళ్లీ అన్నం కలుపుకున్నాడు. నమ్మాడు.

ఆ నెల నుంచి భాయ్ షాపుకు పోవడం మొదలుపెట్టాను. ఆయన మొదటి రోజే ఒక మాట చెప్పాడు.

"రూపాయికి పదారణాలు గదా టీచరమ్మా. యా ఒక్క కంపెనీలోనూ నాలుగణాల కంటే ఎక్కువ పెట్టాకండి. అంతే. దీనికంటే పెద్ద చదువు నా కాడ లేదు."

ఎందుకని అడిగితే తన ఇంటి కథే చెప్పాడు. ఆయన అన్నదమ్ములు నలుగురూ కువైట్లో ఒకే అరబ్బు దగ్గర పని చేసేవాళ్లట. ఒకే చోట ఉంటే ఒకరికొకరు తోడని వాళ్లమ్మే అట్ల పంపించిందట. ఆ అరబ్బు దుకాణం మూసేస్తే ఒక్క వారంలో నలుగురూ పెట్టెలు మోసుకుని ఇంటికొచ్చారు. "ఆ రంజాన్‌కు మా ఇంట్లో కొత్తబట్టలు లేవు. ఆ పొద్దు మా అమ్మే అనింది, నలుగుర్నీ నాలుగు చోట్ల పెట్టుంటే ముగ్గురైనా మిగిలేటోళ్లు గదా అని. పుస్తకం చదివి చెప్తాండే మాట కాదు టీచరమ్మా."

నేను సిమెంటు కంపెనీ షేర్లు కొంటానంటే ఆయన ఒప్పుకోలేదు. "మీ ఇంటాయప్ప జీతం సిమెంటులోంచే వస్తాంది. మళ్ల మీ దుడ్లు కూడా ఆన్నే పెడితే ఎట్ల? ఫ్యాక్టరీ మూతపడితే జీతమూ పాయె, షేరూ పాయె." ఆ మాట నాకు నచ్చింది. లెక్కల మనిషిని గదా, సూత్రం బాగుందనుకున్నాను. చివరికి నాలుగు కంపెనీలు తీసుకున్నాను. ఒక మందుల కంపెనీ, ఒక బ్యాంకు, ఒక టైర్ల కంపెనీ, ఒక కంప్యూటర్ల కంపెనీ. ఒక్కోదాంట్లో నాలుగణాలు. నాలుగు నాలుగులు పదారు. ప్రతి నెలా జీతంలో మిగిలింది అదే లెక్కన నాలుగు భాగాలు చేసి పెట్టేదాన్ని. అచ్చం పిల్లలకు పాయసం పంచినట్టు.

తొంభైల చివర ఆ రోజులెట్లా ఉండేవో చూసినవాళ్లకే తెలుస్తుంది. కంప్యూటర్లన్న మాట వింటే చాలు, షేరు లేచి నిలబడేది. మిగతా మూడూ ఉన్నచోటే కూర్చున్నాయి. నాలుగోది మాత్రం పెరిగి పెరిగి రెండింతలయింది, మూడింతలయింది. మూడింతలైన రోజు భాయ్ నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"టీచరమ్మా, ఇప్పుడు మీ కంప్యూటర్ల కంపెనీ ఎనిమిదణాలైంది. సగం అమ్మేసి మిగతా మూటికి పంచండి."

"నేను కొత్తగా దాంట్లో ఎక్కువేం పెట్టలేదు గదా భాయ్. మీరు చెప్పినట్టే నాలుగణాలే పెట్టాను."

"మీరు పెట్టకున్నా అది పెరిగింది గదా. మీరు యాడ పెట్టినారని కాదు లెక్క, ఈ పొద్దు యాడ ఉండాయని. రేప్పొద్దున అది పడితే ఎనిమిదణాలూ పడతాది, నాలుగణాలే పెట్టినానని మీరు చెప్తే వింటాదా?"

ఏండ్ల తరబడి పిల్లలకు నిష్పత్తులు చెప్పిన దాన్ని. ఒక భాగం పెరిగితే మొత్తంలో దాని వంతు పెరుగుతుందని ఏడో తరగతి పిల్లకు బెత్తంతో చెప్పిన దాన్ని. నాకే తెలియనట్టు ఈయన చెప్పడమేంటని కోపమొచ్చింది. బాగా నడిచే ఎద్దును అమ్మి కుంటి ఎద్దుకు మేత కొంటారా అని ఆయన్నే దబాయించాను. ఆయన నవ్వి టీ గ్లాసు నా ముందరికి జరిపాడు.

అసలు సంగతి వేరే ఉంది. ఆ కంప్యూటర్ల కంపెనీ పెట్టినాయన మన సీమవాడేనని ఊళ్లో ఒక మాట పుట్టింది. బస్సులో ఆ మాటే, స్టాఫ్‌రూములో ఆ మాటే. "మనోడి కంపెనీ" అనేవాళ్లు. మా తట్టు ఒకసారి మనోడు అన్నాక ఇంక విచారణ ఉండదు. మనోడు తప్పు చేస్తే వాడి అవసరం అట్లాంటిదంటాం, అవతలోడు మంచి చేస్తే ఏదో ఎత్తు వేశాడంటాం. వదిలిపోయినవాణ్ణి పక్కమారినోడంటాం. మా ఊళ్లో దానికి మించిన తిట్టు లేదు, దొంగోణ్ణయినా ఇంట్లో కూర్చోబెడతారు గానీ పక్కమారినోడికి నీళ్లివ్వరు. ఇన్నాళ్లు నాయన్నీ ఆ జీపుల్నీ తిట్టిన నేనే ఒక షేరుకు పార్టీమనిషినైపోయాను. అమ్మితే పక్క మారినట్టే అనిపించేది. నోటితో ఎప్పుడూ అనలేదు గానీ కడుపులో ఉన్నది అదే. చాలా ఏండ్ల తర్వాత తెలిసింది, ఆయనది మన సీమే కాదట.

భాయ్ ఎన్నిసార్లు చెప్పినా వినలేదన్న పేరు రాకూడదని ఒక పని చేశాను. బ్యాంకు షేర్లూ, టైర్ల షేర్లూ అమ్మేసి ఇంకో రెండు కంప్యూటర్ల కంపెనీలు కొన్నాను. మొత్తం నాలుగు కంపెనీలే గదా, నియమం తప్పలేదు గదా అని వాదించాను. భాయ్ కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటూ తల అడ్డంగా ఊపాడు. "మూడు జీపులెక్కినా పోతాండేది ఒకే పెండ్లికి టీచరమ్మా" అన్నాడు. ఈ మాటైనా నాకు తగలాల్సింది, తగల్లేదు.

మనోడి షేరు తొమ్మిదింతలైంది. తమ్ముడు ఆ నెలలోనే వచ్చాడు. ఇంటికి రాలేదు, నేరుగా జమ్మలమడుగులో మా స్కూలు గేటు దగ్గరికొచ్చాడు. మధ్యాహ్నం గంట కొట్టాక బయటికి పోయి చూస్తే వేపచెట్టు నీడలో చెప్పులు విడిచి కూర్చుని ఉన్నాడు. ప్రొద్దుటూరులో ఒక రూము ఖాళీ అయిందని చెప్పాడు. మైదుకూరు రోడ్డులో, ముందర బండి నిలిపేందుకు చోటు కూడా ఉందట. "ఓనరు పది దినాలు ఆగుతానన్న్యాడు. నువ్వు చెప్పింటివి గదా అక్కా, అందుకే వచ్చినా."

ఆ సాయంత్రం భాయ్ దగ్గరికి పోయి ఈ రోజు అమ్మితే ఎంతొస్తుందని అడిగాను. ఆయన ఒక టికెట్ కాగితం వెనకాల లెక్క రాసి నా చేతికిచ్చాడు. వాడడిగినట్టి షాపు ఒకటి కాదు, రెండు పెట్టొచ్చు. వాడి షాపు పోను మిగిలిన డబ్బు ఊరికే ఉంటుందని మనసు ఒకపక్క సంతోషపడింది. ఇంకోపక్క, ఇంకో మూడు నెలలాగితే ఎంతవుతుందో అని గుణించింది. అబద్ధమెందుకు, ఊరి బయట ఒక ఇంటిస్థలం మీద అప్పటికే నా కన్ను పడింది. తమ్ముడి షాపూ, నా స్థలమూ రెండూ ఆ ఒక్క షేరులోంచే రావాలనుకున్నాను. సగం అమ్మితే వాడి షాపుకు సరిపోయేది, మిగతా సగంతో నా ఆశలన్నీ ఆడుకోవచ్చు. ఆ సగం అమ్మడానికి కూడా చెయ్యి రాలేదు.

"రూము ఇంకోటి దొరుకుతుందిలేరా. ఇప్పుడు అమ్మితే నష్టం. మూన్నెల్లు ఆగు" అని ఆ రాత్రి మా ఇంటికొచ్చిన తమ్ముడితో అన్నాను.

"నష్టమా?" అన్నాడు.

"నీకర్థం కాదులే."

"సరేలే అక్కా. నువ్వు ఊరికే చెప్తావా" అన్నాడు వాడు.

మూడు నెలలు పట్టలేదు. రెండో నెలలోనే టీవీ కింద పాకే అంకెలు ఎర్రబడ్డాయి. మొదట్లో నాకు భయం కూడా వేయలేదు. ఇంత పెరిగింది రోంత తగ్గదా అనుకున్నాను. మూడు కంప్యూటర్ల కంపెనీలూ కలిసే పడ్డాయి, ఏదీ ఇంకోదాన్ని ఆదుకోలేదు. రోజూ బస్సు దిగి భాయ్ షాపు ముందర నిలబడేదాన్ని. లోపల పది పన్నెండు మంది తలలెత్తి టీవీ చూస్తుండేవాళ్లు. సగానికొచ్చినప్పుడు భాయ్ అమ్మమన్నాడు. మళ్లీ లేస్తుందన్నాను. పావుకొచ్చినప్పుడు ఆయన ఏమీ అనలేదు, నేనే అడిగాను. "ఇప్పుడు అమ్మి ఏం చేస్తారులే టీచరమ్మా, మీ ఇష్టం" అన్నాడు. పడిపోయినప్పుడు వదిలేస్తే వాడు మనిషేనా అని మా ఊళ్లో నాయకుల గురించి అనేవాళ్లు. షేరుకూ అదే మర్యాద చేశాను.

తమ్ముడు మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే కోప్పడి ఉండేదాన్ని, అందుకే అడగలేదేమో. మైదుకూరు రోడ్డు రూములో ఎవరో టైర్ల పంక్చరు షాపు పెట్టుకున్నారు. నేను బస్సులో పోతూ అటు చూడడం మానేశాను.

ఆ తర్వాతి ఏడు స్థానిక ఎన్నికలొచ్చాయి. మా ఊరి బడిలోని పోలింగు బూతులో తమ్ముణ్ణి ఒక పార్టీ ఏజెంటుగా కూర్చోబెట్టారు. పెద్దోడు అవతలి పార్టీ తరఫున బయట మనుషుల్ని తోలుకొచ్చే పనిలో ఉన్నాడు. రెండు పార్టీల్లో ఇద్దరు కొడుకులని నాయన ధైర్యంగానే ఉన్నాడు. ఇద్దరూ ఆ పొద్దు నిలబడేది ఒకే బడి ముందరేనన్నది ఆయన లెక్కలోకి రాలేదు. మూడు కంప్యూటర్ల కంపెనీలూ కలిసే పడతాయన్నది నా లెక్కలోకి రానట్టే.

నాకు ఆ రోజు జమ్మలమడుగు పక్కన ఇంకో పల్లెలో ఎన్నికల డ్యూటీ. వేళ్లకు సిరా పూసే పని. మధ్యాహ్నం రెండింటప్పుడు మా బూతు కానిస్టేబులు వైర్‌లెస్‌లో ఏదో విని, వేముల పక్క ఒక ఊళ్లో బాంబులేశారంట అన్నాడు. ఏ ఊరంటే మా ఊరి పేరే చెప్పాడు. ఎవరికి తగిలిందో తెలియదన్నాడు. ఓట్ల పెట్టె అప్పగించేదాకా మేము కదలకూడదు. వరసలో ఉన్న ముసలామె వేలికి పూయాల్సిన సిరా అరచేయంతా పూసేశాను. "ఏందమ్మా ఇట్ల పూస్తాండావు" అని ఆమె కసురుకుంది. అయిదింటిదాకా అట్లే పూస్తూనే ఉన్నాను.

పెట్టెలు అప్పజెప్పి, మర్నాడు మొదటి బస్సుకు పులివెందుల ఆసుపత్రికి పోయాను. తమ్ముడు బతికే ఉన్నాడు. కుడిచేతికి మోచేయిదాకా కట్టు. బూతు వాకిట్లో పేలకుండా పడిన బాంబును కాలితో తన్నబోయి, కాలు అందక చేత్తో తోసేశాడట, లోపల ఓటేసే ఆడవాళ్లున్నారని. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి, మధ్యలోవి మూడూ పోయాయి. ఒక చెవి వినపడదు. మంచం పక్కన పెద్దోడు నేల మీద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు, చొక్కా అంతా ఎండిన నెత్తురు. తమ్ముణ్ణి భుజాన వేసుకొచ్చి తన పార్టీ జీపులోనే ఎక్కించాడట. ఎదుటి పార్టీ ఏజెంటును మన జీపులో ఎట్ల ఎక్కిస్తావని ఎవరో అడ్డమొస్తే వాణ్ణి తోసేసి ఎక్కించాడట.

నాయన వరండాలో నిలబడి బీడీ తాగుతున్నాడు. నన్ను చూసి అన్నాడు. "పెద్దోడు ఆ పక్కన ఉండబట్టే జీపు దొరికింది మ్మే. లేకుంటే ఈ పొద్దు వీడు మనకుండునా?"

నా ఒళ్లు మండిపోయింది. రెండు పక్కలకూ నువ్వు పంచకపోతే అసలు జీపెందుకు కావాల్సి వచ్చేదని అరవాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఏడాది కిందటే వాడికి ప్రొద్దుటూరులో షాపు పెట్టించగలిగిన మనిషి ఆ వరండాలో ఒక్కరే ఉన్నారు, అది నాయన కాదు. ఆయన లెక్క సగమైనా పని చేసింది, ఒక కొడుకు ఇంకో కొడుకును మోసుకొచ్చాడు. నా లెక్క అంత కూడా పని చేయలేదు. లోపలికి పోయి తమ్ముడి కాళ్ల దగ్గర కూర్చున్నాను.

అక్కడ కూర్చున్నప్పుడు నాకు తెలిసొచ్చింది ఇదే. నాలుగణాల నియమం డబ్బు కోసమని అనుకున్నాను. పోతే నా జీతంలో మిగిలినవే గదా పోయేదని ధైర్యపడ్డాను. ఆ ఒక్క షేరులో నేను పెట్టింది డబ్బు ఒక్కటే కాదు, వాడి షాపునూ, వాడు జీపు దిగే రోజునూ, చివరికి వాడి చేతినీ పెట్టాను. వాణ్ణి అడక్కుండా పెట్టాను.

తర్వాత వాణ్ణి కడపకు మార్చారు, ఆ ఆసుపత్రి ఖర్చులకు మందుల కంపెనీ షేర్లు అమ్మాను. పాయసం పంచిన నాటి నాలుగు భాగాల్లో పాడవకుండా మిగిలింది అదొక్కటే, రూపాయి తగ్గకుండా నిలబడింది. కంప్యూటర్ల షేర్లు మూడూ కలిపి ఊడ్చి అమ్మితే వచ్చిన దాంతో వాడికి షాపు పెట్టించాను. మైదుకూరు రోడ్డు రూము కాదు, సందులో చిన్న గది, ముందర సైకిలు నిలిపేందుకు కూడా చోటు లేదు. షాపు తెరిచిన రోజు భాయ్ వచ్చి ఒక టేబులు ఫ్యాను బహుమానమిచ్చాడు. నేను చెప్పలేదా అని ఆయన ఆ రోజు అనలేదు, తర్వాత కూడా ఎన్నడూ అనలేదు. అని ఉంటే నేను రోంత తేలికపడేదాన్ని.

తమ్ముడు ఎడమచేత్తో వైరు చుట్టడం నేర్చుకున్నాడు. ఒక మోటారుకు ఇంతకుముందు ఒక పూట పట్టేది, ఇప్పుడు రెండు రోజులు. కుడిచేతి బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య వైరు ఇరికించి పళ్లతో లాగి బిగిస్తాడు. వాడన్నట్టే షాపున్నవాణ్ణి ఎవరూ జీపెక్కమనలేదు. ఆ చేతిని చూసి కూడా అడగడం మానేశారేమో, నాకు తెలియదు.

నేను షేర్లు మానలేదు. మానేశానని చెబితే కథకు బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. ఉగాదికొకసారి భాయ్ షాపులో కూర్చుని అన్నీ తూకం వేసేవాళ్లం. ఏది నాలుగణాలు దాటితే దాటినంతా ఆ రోజే అమ్మేదాన్ని, అది ఎంత బాగా పెరుగుతున్నా సరే. అట్లా అమ్మాక పదింతలైనవి కూడా ఉన్నాయి. బాధేస్తుంది. ఆ బాధ నేను పడగలిగిన బాధ. ఏదైనా కొనేముందు ఇది మనోడిదని ఎవరైనా అన్నారంటే ఆ కంపెనీ జోలికే పోను. రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా ఈ లెక్కలోనే ఉంది, పెద్దగా పెరగలేదు, నన్నెప్పుడూ ముంచలేదు.

మొన్న ఎండాకాలంలో భాయ్ పోయాడు. తమ్ముడూ నేనూ పోయి వచ్చాం. ఆయన షాపులో ఇప్పుడు వాళ్ల మనవడు ఫోన్లు అమ్ముతున్నాడు, గోడకు ఆ టీవీ లేదు. తిరిగొచ్చి తమ్ముడి షాపులో కూర్చున్నాను. వాడు బోరు మోటారు ముందరేసుకుని వైరు ఎక్కిస్తున్నాడు. తలెత్తకుండానే అడిగాడు. ఇన్నేండ్లలో ఎప్పుడూ అడగని మాట.

"ఆ పొద్దు నేను బడికాడికొచ్చి అడిగినప్పుడు అమ్ముంటే ఎంతొచ్చుండు అక్కా?"

నా దగ్గర ఆ టికెట్ కాగితం ఇప్పటికీ ఉంది. దాని వెనకాలి అంకె నాకు నా పుట్టినరోజు కంటే బాగా గుర్తు.

"చాలేది కాదురా. షాపుకు శానా తక్కువ పడేది" అన్నాను.

వాడు రెండు చుట్లు తిప్పాడు. పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టుకున్నాడు, లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి విప్పాలి. ఆ చుట్టు బిగించాక అన్నాడు.

"షాపు తెరిచిన పొద్దే భాయ్ చెప్పినాడులే. రెండు షాపులు వచ్చేటివంట."

ఇరవై యేండ్లు వాడు ఆ మాట కడుపులో పెట్టుకుని, ప్రతి ఆదివారం నా చేతి అన్నం తిన్నాడు. ఏదో చెప్పబోయాను. వాడు వైరు కొస నా వైపుకు చాచాడు.

"ఆ కొస రోంత గట్టిగా పట్టుకో అక్కా, నా చేతిలో నిలబడ్డం లేదు."

పట్టుకున్నాను. వాడు రెండో పక్కనుంచి మెల్లగా లాగి బిగించాడు, మళ్లీ లెక్క మొదలుపెట్టాడు.